చిన్న స్కూల్ డిస్ట్రిక్టులో చదువు, డబ్బు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

అమెరికాలో పెద్ద నగరాలకు దూరంగా, వెయ్యి మంది పిల్లలు కూడా లేని స్కూల్ డిస్ట్రిక్టుల (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే స్థానిక సంస్థల) పరిధిలో ఉంటున్న తెలుగు తల్లిదండ్రుల నుంచి ఈ మధ్య వరుసగా ఉత్తరాలు వస్తున్నాయి. ఆ దేశంలోని సుమారు 13 వేల డిస్ట్రిక్టుల్లో దాదాపు సగం ఈ కోవలోనివే కాబట్టి ఇది కొద్దిమందికి మాత్రమే పరిమితమైన సమస్య కాదు. రాసినవారి పేర్లు, ఊళ్ల పేర్లు తీసివేసి, ఉత్తరాలను కుదించి ఇక్కడ ఇస్తున్నాం.

ప్రశ్న: మావారి ఉద్యోగరీత్యా పెన్సిల్వేనియాలో ఒక చిన్న పట్నంలో ఉంటున్నాం. మా అమ్మాయి మూడవ తరగతి. ఇక్కడి బడిలో తరగతికి ఇరవై ఇద్దరు పిల్లలుంటారు. నాలుగవ తరగతి లెక్కల పరీక్షలో కిందటేడు 73 శాతం మంది "ప్రొఫిషియెంట్" (ఆ తరగతికి తగిన) స్థాయికి చేరుకోగా, ఈ ఏడాది 50 శాతం మందే చేరుకున్నారు. ఇళ్ల అమ్మకాల వెబ్‌సైట్లలో బడికి ఇచ్చే రేటింగ్ కూడా పడిపోయింది. గంట దూరంలో ఉన్న పెద్ద డిస్ట్రిక్టుకు మారిపొమ్మని స్నేహితులు అంటున్నారు. మారమంటారా?

జవాబు: ఈ రెండు శాతాలను చూసి మాత్రం ఇల్లు మారవద్దు. ఇరవై ఇద్దరిలో 73 శాతమంటే పదహారు మంది, 50 శాతమంటే పదకొండు మంది. మిమ్మల్ని ఇంతగా కలవరపెట్టిన తేడా అంతా కలిపి ఐదుగురు పిల్లలది. పైగా వారు కిందటేడు ఆ పరీక్ష రాసిన పిల్లలు కారు, వారి తరువాతి తరగతి పిల్లలు. ఇంత చిన్న తరగతిలో ఒక్క విద్యార్థి గీత దాటినా దాటకపోయినా శాతం నాలుగున్నర పాయింట్లు మారిపోతుంది. పరీక్షల వారంలో ఇద్దరికి జ్వరం తగిలినా, బాగా చదివే పిల్లలున్న ఒక కుటుంబం వేసవిలో ఊరు విడిచినా, బోధనలో ఏ మార్పూ లేకుండానే ఫలితం ఏటా పది పాయింట్ల మేర అటో ఇటో ఊగడం సంభావ్యతా సూత్రాల ప్రకారం మామూలు విషయమే. అదే పరీక్షను నాలుగు వందల మంది రాసే డిస్ట్రిక్టులో ఆ ఊగిసలాట రెండు, రెండున్నర పాయింట్లే ఉంటుంది. ఒక రాష్ట్రంలోని బడులన్నిటినీ ఒక ఏడాది మార్కుల ప్రకారం వరుసగా పేర్చినప్పుడు అగ్రస్థానాల్లోనూ, అట్టడుగు స్థానాల్లోనూ చిన్న బడులే ఎక్కువగా కనిపించడానికి ఇదొక ముఖ్య కారణం. ఆ రెండు చివర్లలో కనిపించిన పేర్లు మరుసటి ఏడాది చాలావరకు మారిపోతాయి.

అలాగని పరీక్షా ఫలితాలను పక్కన పెట్టమని చెప్పడం లేదు. 2015లో వచ్చిన "ఎవ్రీ స్టూడెంట్ సక్సీడ్స్" చట్టం ప్రకారం మూడు నుంచి ఎనిమిదవ తరగతి వరకు ప్రతి ఏడాదీ, హైస్కూల్లో ఒకసారీ చదవడంలోనూ లెక్కల్లోనూ రాష్ట్ర పరీక్ష జరగాలి; ఆ ఫలితాలను రాష్ట్రం ప్రతి బడికీ రిపోర్ట్ కార్డ్ రూపంలో ప్రజలకు అందుబాటులో ఉంచాలి. ఆ కార్డును చదివే పద్ధతి మార్చుకోవాలన్నదే నా మాట. ఒక ఏడాదికి బదులు మూడు నాలుగేళ్ల ఫలితాలను కలిపి చూడండి. ఈ ఏడాది నాలుగవ తరగతిని కిందటేటి నాలుగవ తరగతితో పోల్చడం మాని, అదే పిల్లలు మూడవ తరగతిలో ఎక్కడ ఉన్నారో, ఇప్పుడు ఎక్కడికి చేరారో చూడండి. మీ రాష్ట్రం విద్యార్థుల ఎదుగుదలను విడిగా లెక్కగట్టి ప్రకటిస్తుంది కూడా. రేటింగ్ కంటే నేను దానినే ముందు తెరుస్తాను.

ఈ ఎదుగుదల విషయం కొంచెం వివరంగా చెప్పాలి. సగటు మార్కులు బడి గొప్పతనాన్ని ఎంత చెబుతాయో, పిల్లల ఇంటి ఆర్థిక పరిస్థితిని అంతకంటే ఎక్కువగా చెబుతాయి. అమెరికా బడుల్లో సమాన అవకాశాలపై 1966లో వెలువడిన కోల్‌మన్ నివేదిక నాటి నుంచీ అధ్యయనాలు ఈ సంగతిని మళ్లీ మళ్లీ నిర్ధారిస్తూనే ఉన్నాయి. పిల్లలు బడిలో చేరేనాటికే ఉన్న తేడా వేరు, బడిలో చేరాక ఏటా ఎంత నేర్చుకున్నారన్నది వేరు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన షాన్ రియర్డన్ బృందం 2017లో షికాగో ప్రభుత్వ బడులను పరిశీలించినప్పుడు, సగటు మార్కుల్లో దేశం కంటే వెనుకబడి ఉన్న ఆ నగరపు పిల్లలు మూడు నుంచి ఎనిమిదవ తరగతి వరకు గడిచిన ఐదేళ్లలో సుమారు ఆరేళ్ల చదువుకు సమానమైన ప్రగతి సాధించినట్టు తేలింది. సగటు మార్కుల మీదే ఎక్కువగా ఆధారపడే రేటింగులు ఇటువంటి బడులను కింది వరుసలోనే ఉంచుతాయి, సంపన్నుల పేటలో ఉండి పిల్లలకు కొత్తగా నేర్పేది తక్కువైన బడిని పై వరుసలో కూర్చోబెడతాయి.

మీ బడి రిపోర్ట్ కార్డులో కొన్ని గడులు ఖాళీగా ఉండి, చుక్క గుర్తు కనిపించడం మీరు గమనించే ఉంటారు. ఏదైనా వర్గానికి చెందిన పిల్లలు మరీ కొద్దిమందే ఉంటే, ఎవరి మార్కులో తెలిసిపోకుండా ఆ ఫలితాన్ని దాచిపెడతారు. చిన్న డిస్ట్రిక్టులో ఆసియా కుటుంబాల పిల్లల గడి చాలాసార్లు ఇలాగే ఉంటుంది. అది బడి దాపరికం కాదు, పిల్లల గోప్యత కోసం పాటించవలసిన నియమం.

మూడు నాలుగేళ్లపాటు, ఒకటి కంటే ఎక్కువ తరగతుల్లో ఎదుగుదల తక్కువగానే కనిపిస్తే, ఉపాధ్యాయులు ఏటా మారిపోతుంటే, బడికి ఎక్కువ రోజులు రాని పిల్లల సంఖ్య పెరుగుతుంటే అప్పుడు మారడం గురించి ఆలోచించండి. పనిదినాల్లో పదో వంతు, అంటే 180 రోజుల్లో 18 రోజులు రాని విద్యార్థిని దీర్ఘకాలిక గైర్హాజరుగా లెక్కిస్తారు. దేశం మొత్తం మీద కోవిడ్‌కు ముందు సుమారు 15 శాతంగా ఉన్న ఆ సంఖ్య 2021–22లో 28 శాతం దాకా పెరిగింది. బడి ఆరోగ్యం గురించి ఈ ఒక్క అంకె చెప్పేది చాలా ఉంటుంది.

ప్రశ్న: న్యూయార్క్ రాష్ట్రంలో ఐదు వందల మంది పిల్లలున్న గ్రామీణ డిస్ట్రిక్టు మాది. ఒక్కో విద్యార్థిపై పక్క పెద్ద డిస్ట్రిక్టు కంటే మాదే ఎక్కువ ఖర్చు పెడుతున్నట్టు చూశాను. అయినా హైస్కూల్లో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే కాలేజీ స్థాయి) ఫిజిక్స్ లేదు, కౌన్సెలర్ ఒక్కరే ఉన్నారు, చదవడంలో వెనుకబడిన పిల్లలకు విడిగా పాఠం చెప్పే టీచర్‌ను తొలగించారు. ఆస్తి పన్ను మాత్రం పెరుగుతూనే ఉంది. ఈ డబ్బంతా ఎక్కడికి పోతోంది? ఎవరైనా కాజేస్తున్నారని అనుకోవాలా?

జవాబు: మీ కోపం న్యాయమైనదే కానీ, ఆ అనుమానానికి ఈ అంకెలు ఆధారం కావు. మీ రాష్ట్రంలో డిస్ట్రిక్టు లెక్కలకు ఏటా బయటి ఆడిట్ జరుగుతుంది, స్టేట్ కంప్ట్రోలర్ (రాష్ట్ర లెక్కల పర్యవేక్షణాధికారి) కార్యాలయం కూడా అప్పుడప్పుడూ తనిఖీ చేసి నివేదికలను బహిరంగపరుస్తుంది. వాటిని ముందు చదవండి. చిన్న డిస్ట్రిక్టులో తలసరి ఖర్చు ఎక్కువగా కనిపించడానికి అసలు కారణం పిల్లల సంఖ్య తగ్గినంత మాత్రాన తగ్గని ఖర్చులు. ఐదు వందల మందికైనా, ఐదు వేల మందికైనా సూపరింటెండెంట్ (డిస్ట్రిక్టు ముఖ్య అధికారి) ఒకరు కావాలి, లెక్కలు చూసే అధికారి కావాలి, భవనాన్ని చలికాలమంతా వెచ్చగా ఉంచాలి, దూరదూరంగా ఉన్న ఇళ్ల నుంచి పిల్లలను బస్సులో తీసుకురావాలి. రెండు లక్షల డాలర్ల ఖర్చును ఐదు వందల మందికి పంచితే తలకు 400 డాలర్లు, ఐదు వేల మందికి పంచితే 40 డాలర్లు. ఇలాంటి పద్దులు పది కలిస్తే పక్క డిస్ట్రిక్టుకూ మీకూ మధ్య తేడా ఎక్కడిదో తెలిసిపోతుంది. ఏపీ ఫిజిక్స్‌కు ఆరుగురు చేరినా, ఇరవై ఆరుగురు చేరినా ఉపాధ్యాయుడి జీతం ఒకటే.

దీనికి తోడు ప్రత్యేక అవసరాలున్న పిల్లల విద్య ఉంది. 1975 నాటి చట్టం వారికి తగిన చదువును ఉచితంగా అందించే బాధ్యతను బడులపై పెట్టింది, అది ఎంతో మంచి చట్టం. అందువల్ల పడే అదనపు భారంలో 40 శాతం దాకా భరిస్తానన్న కేంద్ర ప్రభుత్వం మాత్రం ఇటీవలి సంవత్సరాల్లో అందులో సగం కూడా ఇవ్వడం లేదు. నర్సునూ, ప్రత్యేక వాహనాన్నీ ఏర్పాటు చేయవలసిన ఒక విద్యార్థి కొత్తగా చేరితే పెద్ద డిస్ట్రిక్టు బడ్జెట్టులో అది కనిపించను కూడా కనిపించదు. చిన్న డిస్ట్రిక్టులో ఒక టీచరు ఉద్యోగమే పోవచ్చు. ఆ బిడ్డ మీద గానీ, ఆ తల్లిదండ్రుల మీద గానీ ఊరి వారు నిష్ఠూరంగా మాట్లాడితే దయచేసి అడ్డుకోండి. లోటు నిధులిచ్చే విధానానిది, ఆ కుటుంబానిది కాదు.

ఇక నిధులు ఎక్కడి నుంచి వస్తాయన్నది చూద్దాం. మామూలు సంవత్సరాల్లో కేంద్రం వాటా పదో వంతుకు మించదు. మిగిలినదాన్ని దేశం మొత్తం మీద చూస్తే రాష్ట్రమూ, స్థానిక పన్నులూ దాదాపు సరిసమానంగా భరిస్తాయి. స్థానికమంటే ప్రధానంగా ఆస్తి పన్నే. విలువైన ఇళ్లు, దుకాణాలు, కార్ఖానాలు ఉన్న ఊరు తక్కువ రేటుతో ఎక్కువ డబ్బు రాబట్టుకోగలదు. అవి లేని ఊరు ఎక్కువ రేటు వేసుకున్నా తక్కువే వస్తుంది. ఈ అసమానతను సవాలు చేస్తూ టెక్సస్ తల్లిదండ్రులు వేసిన శాన్ ఆంటోనియో వర్సెస్ రోడ్రిగెజ్ కేసులో, విద్య కేంద్ర రాజ్యాంగం హామీ ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదంటూ 1973లో సుప్రీంకోర్టు 5–4 తేడాతో తీర్పు ఇచ్చింది. నా దృష్టిలో అమెరికా బడుల చరిత్రలో అంతగా నష్టం చేసిన తీర్పులు కొద్దిగానే ఉన్నాయి. అప్పటి నుంచి పోరాటం రాష్ట్రాల కోర్టులకు మారింది. మీ రాష్ట్రంలోనే సుదీర్ఘంగా సాగిన కేసు ఫలితంగా 2007లో డిస్ట్రిక్టులకు రాష్ట్ర సాయాన్ని లెక్కగట్టే "ఫౌండేషన్ ఎయిడ్" సూత్రం వచ్చింది; ఆ సూత్రం ప్రకారం ఇవ్వవలసిన మొత్తం పూర్తిగా ఇవ్వడానికి రాష్ట్రానికి 2023–24 దాకా పట్టింది. మరోవైపు 2011 నాటి చట్టం డిస్ట్రిక్టు వసూలు చేసే ఆస్తి పన్ను పెరుగుదలను, కొన్ని మినహాయింపులతో, రెండు శాతానికో ద్రవ్యోల్బణానికో, ఏది తక్కువైతే దానికి పరిమితం చేసింది. దాటాలంటే ఓటింగులో 60 శాతం మంది ఒప్పుకోవాలి. జీతాలు, ఆరోగ్య బీమా అంతకంటే వేగంగా పెరిగిన ఏడాది ఎక్కడో ఒక చోట కోత తప్పదు.

తొలగించిన టీచరు విషయానికొస్తే, కోవిడ్ కాలంలో మూడు విడతలుగా కేంద్రం బడులకిచ్చిన సుమారు 19 వేల కోట్ల డాలర్ల సాయంతో చాలా డిస్ట్రిక్టులు ఇటువంటి ఉద్యోగాలను కల్పించాయి. ఆ చివరి విడత నిధులకు ఖర్చు ఒప్పందాలు చేసుకునే గడువు 2024 సెప్టెంబరు 30తో ముగిసింది. మీ బడిలోని ఉద్యోగం కూడా ఆ నిధులతో వచ్చినదేనా అని స్కూల్ బోర్డును (డిస్ట్రిక్టు పాలకమండలిని) అడగండి. అవునంటే, శాశ్వత బడ్జెట్టులో దానికి చోటు కల్పించే ఆలోచన ఎందుకు చేయలేదన్నది మీ తరువాతి ప్రశ్న కావాలి. అనుమానం కంటే ఆ ప్రశ్నకు పదును ఎక్కువ.

డబ్బు పెట్టినంత మాత్రాన చదువు వస్తుందా అని ఊళ్లో వాదించేవారు ఉంటారు. 2016లో కిరాబో జాక్సన్, రకర్ జాన్సన్, క్లాడియా పెర్సికో ప్రచురించిన అధ్యయనం, పన్నెండేళ్ల చదువు కాలమంతా తలసరి ఖర్చు పది శాతం పెరిగిన పిల్లలు పెద్దయ్యాక సుమారు ఏడు శాతం ఎక్కువ వేతనం పొందారనీ, పేద కుటుంబాల పిల్లల్లో ఈ లాభం ఇంకా ఎక్కువనీ తేల్చింది. ఆ అధ్యయనం చూసిన డిస్ట్రిక్టుల్లో అదనపు డబ్బు ఉపాధ్యాయుల జీతాలకు, తరగతుల పరిమాణం తగ్గించడానికి, బోధన కాలం పెంచడానికి ఉపయోగపడింది. మీ బోర్డు ఆ మార్గంలోనే ఖర్చు పెడుతోందా అన్నదే చూడవలసింది.

ఏపీ ఫిజిక్స్‌కు ఒక దారి ఉంది. న్యూయార్క్‌లో 1948 నుంచి బోసెస్ అనే ఉమ్మడి సేవా సంస్థలున్నాయి, ఇప్పుడు అవి 37. ఒక్క డిస్ట్రిక్టు భరించలేని వృత్తి విద్యా కోర్సులు, ప్రత్యేక విద్య, దూరవిద్య తరగతులు, పలు బడుల మధ్య తిరిగే ఉపాధ్యాయులు వాటి ద్వారా లభిస్తారు. అర్హత ఉన్న ఖర్చులో కొంత భాగం మరుసటి ఏడాది రాష్ట్ర సాయంగా తిరిగి వస్తుంది. దగ్గరలో కమ్యూనిటీ కాలేజీ ఉంటే హైస్కూల్లో ఉండగానే అక్కడి క్రెడిట్లు సంపాదించే ఏర్పాటు గురించి కూడా విచారించండి. సగటు హాజరు ఆరు వందలకు లోపున్న గ్రామీణ డిస్ట్రిక్టులకు కేంద్రం ఇచ్చే ప్రత్యేక గ్రాంటు ఒకటుంది, మొత్తం చిన్నదే అయినా వదులుకోవలసింది కాదు. ఇంటర్నెట్ ఖర్చులో 20 నుంచి 90 శాతం దాకా తగ్గించే ఈ-రేట్ పథకాన్ని వాడుకుంటున్నారో లేదో కూడా కనుక్కోండి.

ప్రశ్న: మా డిస్ట్రిక్టు వివరాల్లో "పదకొండు మంది విద్యార్థులకు ఒక ఉపాధ్యాయుడు" అని ఉంది. మా అబ్బాయి తరగతిలో ఇరవై నలుగురున్నారు. తప్పుడు లెక్క కాదా?

జవాబు: లెక్క తప్పు కాదు, అది తరగతి పరిమాణం గురించిన లెక్కే కాదు. ప్రత్యేక విద్య, సంగీతం, వ్యాయామం, రీడింగ్ టీచర్లందరినీ కలిపి మొత్తం విద్యార్థుల సంఖ్యను భాగిస్తే వచ్చినది ఆ నిష్పత్తి. మీ అబ్బాయికి సంబంధించినది తరగతి గదిలోని ఇరవై నాలుగే, బోర్డు దగ్గర మాట్లాడేటప్పుడు దానినే ప్రస్తావించండి. 1985లో టెనెసీ రాష్ట్రంలో మొదలైన స్టార్ ప్రయోగంలో పిల్లలను లాటరీ పద్ధతిలో 13–17 మంది ఉన్న తరగతులకూ, 22–25 మంది ఉన్న తరగతులకూ పంపి, కిండర్‌గార్టెన్ నుంచి మూడవ తరగతి వరకు గమనించారు. చిన్న తరగతుల పిల్లలే మెరుగ్గా చదివారు, అందులోనూ పేద పిల్లలకు, నల్లజాతి పిల్లలకు ఎక్కువ మేలు జరిగింది. కోత పెట్టక తప్పని ఏడాదిలో చిన్న తరగతులను కాపాడమని అడగడానికి ఇంతకంటే గట్టి ఆధారం అరుదు.

ప్రశ్న: కాన్సస్‌లో బడిలో చేర్చేటప్పుడు ఇంట్లో మాట్లాడే భాష తెలుగు అని రాశాం. మా బాబు ఇంగ్లిష్ బాగానే మాట్లాడతాడు, అయినా ఇంగ్లిష్ నేర్చుకునే పిల్లల జాబితాలో చేర్చారు. వారానికి రెండు రోజులే వచ్చే టీచర్ ఒకరున్నారట. తెలుగు అని రాయకుండా ఉండవలసిందా?

జవాబు: నిజం రాశారు, అదే సరైన పని. ఆ సమాధానం వల్ల జరిగేది ఒక పరీక్ష మాత్రమే. అందులో వచ్చిన ఫలితాన్ని బట్టి జాబితాలో చేరుస్తారు. మాట్లాడటంలో చురుకుగా ఉన్న పిల్లలు కూడా చదవడంలో, రాయడంలో కొంత సాయం అవసరమైనవారు కావచ్చు. ఆ పరీక్ష ఫలితాన్ని విడివిడి విభాగాలుగా చూపించమని అడగండి. ఏటా మళ్లీ పరీక్ష పెట్టి, నిర్ణీత స్థాయి చేరగానే జాబితా నుంచి తొలగించాలి. ఈ సేవలు వద్దని రాసి ఇచ్చే హక్కు మీకుంది, కానీ టీచర్ చెప్పేది వినకుండా ఆ పని చేయవద్దు. 1974లో సుప్రీంకోర్టు ఇచ్చిన లావ్ వర్సెస్ నికోల్స్ తీర్పు, ఇంగ్లిష్ రాని పిల్లలకు పాఠం అర్థమయ్యే ఏర్పాటు చేయడం బడి బాధ్యత అని స్పష్టం చేసింది. డిస్ట్రిక్టు చిన్నదైనా ఆ బాధ్యత చిన్నది కాదు. రెండు రోజులు చాలవనిపిస్తే మిగిలిన రోజుల్లో తరగతి ఉపాధ్యాయుడు ఏం చేస్తున్నారో లిఖితపూర్వకంగా తెలుసుకోండి. ఇంట్లో ఇంగ్లిష్ అంతగా రాని పెద్దలుంటే, బడి చెప్పే ముఖ్యమైన విషయాలు వారికి అర్థమయ్యే భాషలో అందించమని కోరవచ్చు. పిల్లవాడినే దుభాషిగా కూర్చోబెట్టడం సరికాదు.

ప్రశ్న: అయోవాలోని మా డిస్ట్రిక్టును పొరుగు డిస్ట్రిక్టుతో కలపాలని చర్చ జరుగుతోంది. ఊరంతా రెండుగా చీలిపోయింది. కలిస్తే పిల్లలకు మేలా?

జవాబు: 1939–40లో దేశంలో లక్షా 17 వేలకు పైగా ఉన్న డిస్ట్రిక్టులు నేడు 13 వేల దరిదాపులకు తగ్గాయి కాబట్టి, ఈ దారిలో నడిచిన ఊళ్ల అనుభవం చాలానే ఉంది. మూడు వందల మంది లోపు పిల్లలున్న రెండు డిస్ట్రిక్టులు కలిస్తే నిర్వహణ ఖర్చు నిజంగానే తగ్గుతుంది. న్యూయార్క్ గ్రామీణ డిస్ట్రిక్టులపై పరిశోధకులు డన్‌కంబ్, యింగర్ జరిపిన అధ్యయనంలో ఈ పొదుపు స్పష్టంగా కనిపించింది, కానీ కలిసిన తరువాత భవనాలపై పెరిగిన ఖర్చు అందులో పెద్ద భాగాన్ని మింగేసింది. పిల్లల సంఖ్య వెయ్యి దాటిన చోట పొదుపు ఆశ అంతగా పెట్టుకోనక్కరలేదు.

డబ్బు కంటే ముందు నేను చూసేది బస్సు ప్రయాణం. ఏ బడి మూసేస్తారు, అన్నిటికంటే దూరంగా ఉన్న ఇంటి నుంచి ఐదేళ్ల బిడ్డ ఎంతసేపు బస్సులో కూర్చోవాలి, సాయంత్రం ఆటలకో, ట్యూషన్‌కో ఆగిన పిల్లలను ఎవరు ఇంటికి చేరుస్తారు అన్నవాటికి కాగితం మీద జవాబు లేనిదే ఒప్పుకోకండి. రెండు డిస్ట్రిక్టుల టీచర్ల జీతాలు వేరైతే ఎక్కువ ఉన్న స్థాయికే సర్దుబాటు చేయవలసి వస్తుంది, ఒకరి పాత అప్పు ఇంకొకరి పన్నులోకి వస్తుందేమో చూడాలి. మీ రాష్ట్రంలో పూర్తిగా కలవకుండానే, ఒక డిస్ట్రిక్టు పిల్లలందరూ కొన్ని తరగతులకు పొరుగు డిస్ట్రిక్టుకు వెళ్లే పద్ధతి చట్టబద్ధంగా అమలులో ఉంది. హైస్కూలును మాత్రం ఉమ్మడిగా నడిపి, చిన్నపిల్లల బడిని ఊళ్లోనే ఉంచుకోవడం చాలా చోట్ల తెలివైన మధ్యేమార్గం. సూపరింటెండెంటును, లెక్కల అధికారిని ఇద్దరూ పంచుకోవడం అంతకంటే తేలికైన మొదటి అడుగు.

ప్రశ్న: నేను హెచ్-1బి వీసాపై ఉన్నాను, ఓటు లేదు. స్కూల్ బోర్డు సమావేశానికి వెళ్లి మాట్లాడవచ్చా? వెళితే ఏం అడగాలి?

జవాబు: నిస్సంకోచంగా వెళ్లండి. బోర్డు సమావేశాలు ప్రజలందరికీ తెరిచి ఉండాలన్న చట్టం ప్రతి రాష్ట్రంలోనూ ఉంది, చాలా బోర్డులు ప్రజలు మాట్లాడటానికి కొన్ని నిమిషాలు కేటాయిస్తాయి. ఆ ఊళ్లో నివసించే తల్లిగా లేదా తండ్రిగా మాట్లాడటానికి పౌరసత్వం అడ్డురాదు. మీరు అద్దె ఇంట్లో ఉన్నా, ఆ అద్దెలో ఆస్తి పన్ను కలిసే ఉంటుంది. పేరు ముందుగా నమోదు చేయించుకోవాలా అన్నది బోర్డు కార్యదర్శిని అడిగితే చెబుతారు.

అన్నీ ఒకేసారి అడగకుండా ఒక్క విషయం ఎంచుకోండి. ప్రతి బడిలోనూ తలసరి ఖర్చు ఎంతో కేంద్ర నిధులు, రాష్ట్ర–స్థానిక నిధులుగా విడదీసి ప్రకటించాలని 2015 చట్టంలోనే ఉంది కాబట్టి, ఆ పట్టిక పట్టుకుని వెళితే చర్చ గాలిలో సాగదు. కొత్త భవనం కోసం బాండ్ జారీ చేసి అప్పు తెస్తున్న బోర్డును టీచర్ల జీతాలు ఎందుకు పెంచరని నిలదీయడం వల్ల ప్రయోజనం లేదు, ఎందుకంటే బాండ్ డబ్బును భవనాలకూ సామగ్రికీ తప్ప జీతాలకు వాడే వీలుండదు. జీతాలు నడిచేది వార్షిక బడ్జెట్టులోనే. గడచిన మూడేళ్లలో ఎందరు టీచర్లు వదిలి వెళ్లారు, వారి స్థానాల్లో వచ్చినవారికి ఆ సబ్జెక్టులో పూర్తి సర్టిఫికేషన్ ఉందా అన్న ప్రశ్న చిన్న డిస్ట్రిక్టుల్లో అన్నిటికంటే విలువైనది, ఎందుకంటే రసాయనశాస్త్రం చెప్పే ఒక్క మనిషి వెళ్లిపోతే హైస్కూల్లో ఆ సబ్జెక్టే ఆగిపోతుంది.

వెళ్లే సమయం కూడా ముఖ్యం. చాలా రాష్ట్రాల్లో డిస్ట్రిక్టు ఆర్థిక సంవత్సరం జులై 1న మొదలవుతుంది, బడ్జెట్టు ముసాయిదా చలికాలం చివరి నుంచే తయారవుతుంది. మే నెలలో జరిగే బహిరంగ విచారణ నాటికి దాదాపు అన్ని నిర్ణయాలూ అయిపోయి ఉంటాయి. అందువల్ల జనవరి, ఫిబ్రవరి సమావేశాలకే వెళ్లి, ముసాయిదా ప్రతిని ముందుగా అడిగి తీసుకుని, మీ ప్రశ్నను రాతపూర్వకంగా కూడా ఇవ్వండి. జవాబు రాకపోతే, రాష్ట్ర సమాచార హక్కు చట్టం కింద అవే పత్రాలను కోరుతూ డిస్ట్రిక్టు కార్యాలయానికి దరఖాస్తు పెట్టవచ్చు.